నిండు బరువుకి సాక్షి

1

పెద్దబడివారికి, అక్కడి అమ్మగార్లకూ అయ్యగార్లకూ నమస్కారాలు. నా పేరు దాలమ్మ. చంద్రుడి మీద నీడపేటలో ఉంటాను. డెబ్బై దాటాయి. చదివింది మూడో తరగతి, అదీ చిన్నప్పుడు భూమ్మీద. నా అక్షరాలు పెద్దవిగా వస్తాయి, వరసలు కిందికి జారిపోతాయి. మన్నించాలి.

మా పక్క వాటాలో ఉండే నీలవేణి కూతురు వంశధార మీ దగ్గర నదుల చదువు చదవాలని దరఖాస్తు పెట్టుకుంది. మార్కులు మీరు చూడరట. చెవి వెనక అన్నీ చెప్పే గింజ పెట్టించుకున్నాక పిల్లలందరికీ నూటికి నూరే వస్తుంటే ఇంక చూసేదేముంది! మీరడిగింది వేరు. చంద్రుడి మీద పుట్టిన పిల్ల భూమి బరువుకి నిలబడగలదని చూపించాలి. రాట్నంలో నెల రోజులు కాపురముండాలి. ఆఖరున నిండు కుండ ఎత్తుకుని, మీ బడి ఉన్న కొండకి ఎన్ని మెట్లున్నాయో అన్ని మెట్లూ ఎక్కాలి. దారిలో కూర్చోవచ్చు, పడవచ్చు, కుండ మాత్రం చేయి వదలకూడదు. వదిలితే అక్కడితో సరి.

ఇదంతా నిజంగా జరిగిందని ఒక మనిషి కాగితం మీద చేత్తో రాయాలి. బొమ్మలూ కొలతలూ మీరు నమ్మరు. యంత్రాన్ని అడిగితే ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ చేసిపెడుతుంది, ఏ అంకె కావాలంటే ఆ అంకె చూపిస్తుంది. రాసే మనిషికి అరవై దాటాలి. పిల్లకి చుట్టం కాకూడదు. పిల్లని ముట్టుకోకూడదు. రాసిన ప్రతి పేజీ పిల్ల చదివి కింద సంతకం పెట్టాలి.

నీడపేటలో ముసలాళ్లకేం తక్కువ లేదు. కానీ అందరూ ధారకి అత్తో, మావో, తాతో ఏదో ఒక వరస అవుతారు. ఏ వరసా కాకుండా కలం పట్టగలిగింది నేనొక్కర్తెనే.

"నానా? నాను రాస్తే ఆ పిల్లకి రావల్సిన సీటు కూడా పోతాది," అన్నాను.

"నువ్వే రాయాలి మామ్మా," అంది ధార. "నీకు ప్రతిదానికీ బయమే కదా. బయమున్నోళ్లు ఏదీ సూడకుండా వొదలరు."

అది పొగడ్తో వెక్కిరింతో తేల్చుకోలేకపోయాను. కలం ఆగిపోతుందేమోనని రెండు కలాలు సర్దుకున్నాను. రెండూ ఆగిపోతే ఎలాగని ఒక పెన్సిలు కూడా.

2

రాట్నం ఎక్కాం. గుండ్రంగా తిరిగే ఇల్లు ఇది. తిరగడం అందుకుందంటే లోపలున్నవాళ్లకి భూమ్మీద ఉన్నంత బరువూ వచ్చేస్తుంది. తిప్పేది కూర్మారావు. ఆయన గది మధ్యలో ఇరుసు దగ్గర ఉంటుంది. మాట మాత్రం గోడలోంచి వినపడుతుంది.

"పిన్నీ, గట్టిగా కూకో. తిప్పుతున్నాను."

"మెల్లగా బాబూ, నా మోకాళ్లు ఇరిగిపోగలవు."

"నాను పుట్టకముందు నుంచీ ఇరుగుతూనే ఉన్నాయి నీ మోకాళ్లు. ఇంకా ఉన్నాయి కదేటి!"

పెళ్లయి ఇక్కడికొచ్చాక మరిచిపోయిన బరువు ఒక్కసారి మీద పడింది. మోకాళ్లలో సూదులు దిగాయి. అవెంత నొప్పి పెట్టాయో రోజూ రాస్తాను, చదవడానికి విసుగైతే ఆ వరస వదిలెయ్యండి. ధార వైపు చూశాను. బల్ల మీద కూర్చున్న పిల్ల కూర్చున్నట్టే ఉండిపోయింది. చెంపలు కిందికి దిగి, పదిహేడేళ్ల మొహం వాళ్లమ్మ మొహంలా అయిపోయింది.

"మామ్మా," అంది. "నా సేతులు ఎవరో పట్టుకు లాగతన్నారు."

"ఎవరూ లాగట్లేదే తల్లీ. అది నీ సేతుల బరువే."

"ఇంతున్నాదా నాకు!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. అంతలోనే లేవబోయి బోర్లా పడింది. మొదటి రోజే పడిందని రాస్తున్నాను. రాయకుండా ఉంటే బాగుండునని ఉంది గానీ, రాస్తున్నాను.

మా నీడపేట అలవాటు ఒకటి మీకు చెప్పాలి. ఇక్కడ ఏ వస్తువూ గబుక్కున కిందపడదు. గ్లాసు వదిలితే తీరుబడిగా దిగుతుంది. మా పిల్లలు గ్లాసుని గాల్లో పెట్టి, అదే చేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, మళ్లీ గ్లాసు అందుకుంటారు. ఒకరికొకరు ఇచ్చుకోవడం కూడా అంతే. ఎదటివాళ్ల ముందు గాల్లో వదిలేస్తారు, వాళ్లు పట్టుకుంటారు. చేతిలో పెట్టడం పసిపిల్లలకీ రోగిష్టివాళ్లకీ మాత్రమే. మామూలు మనిషికి చేతిలో పెడితే, "ఏం, నాకు పట్టుకోవడం రాదనా?" అని చిన్నబుచ్చుకుంటారు.

సాయంత్రం ధార నాకు టీ ఇచ్చింది. నా ముందు గాల్లో పెట్టింది. నేనూ మామూలుగా చెయ్యి చాపాను. గ్లాసు భళ్లున పగిలింది. పెంకులు ఎత్తేశాం. తరవాత తన గ్లాసూ అంతే అయింది. ఇలాంటి చేతులతో కుండ ఎలా మోస్తుందమ్మా ఈ పిల్ల?

4

మూడో పేజీ ఖాళీగా వదిలేశాను. రాట్నం తిరుగుడు పడక పడుకుండిపోయాను. దీనికి సీటు ఆపెయ్యకండి. తప్పు నాది, పిల్లది కాదు.

పగిలిన గ్లాసులకి ధార ఏడ్చి కూర్చోలేదు. ఒక ఉపాయం కనిపెట్టింది. ఏ వస్తువు పట్టుకున్నా దాని పేరు పైకి అంటుంది. గ్లాసైతే "గ్లాసు, గ్లాసు, గ్లాసు" అంటూ, అది బల్లకి తగిలి చప్పుడయ్యేదాకా ఆపదు. చప్పుడయ్యాకే వేళ్లు విప్పుతుంది. దువ్వెన, చెంచా, చెప్పు, అన్నింటికీ అంతే. పొద్దుట లేచింది మొదలు ఇల్లంతా ఇదే జపం.

"ఏమే గుంటా, గ్లాసుకి బారసాల సేస్తన్నావేటి?" అన్నాడు గోడలోంచి కూర్మారావు.

"నీకూ సేస్తాను మావా, కిందకి దిగు."

"అమ్మో! నాను దిగితే ఆ బరువుకి నా పొట్ట నేలకి జారిపోగలదు."

పడడం కూడా నేర్చుకుంటోంది. మునుపు నిలువునా కూలిపోయేది. ఇప్పుడు పక్కకి ఒరిగి, భుజం మీద దొర్లి, చేతులు ఆనించి, ఒక మోకాలు ముందుకి తెచ్చి లేస్తుంది. నేను చూస్తున్నంతసేపూ నా చేతులు వాటంతటవే ముందుకి పోతాయి. ముట్టుకోకూడదని గుర్తొచ్చి చీర కొంగు పట్టుకుంటాను. ఈ వారంలో కొంగు చివర నలిగి దారాలొచ్చాయి.

స్నానం తడిగుడ్డతోనే. రాట్నంలో నీళ్లు తాగడానికి, ఇంక కుండలోకి. అంతే.

5

నీలవేణి మంచు తవ్వే గనిలోంచి తిన్నగా వచ్చి అద్దం అవతల నిలబడింది. లోపలికి రానివ్వరు. కూతురు మోచేతి మీద దెబ్బలు చూసింది. తరవాత నాకేసి చూసింది. అంత నమ్మకంగా చూస్తే నాకు భయం ఇంకా ఎక్కువవుతుంది.

మీరు పద్దెనిమిది దాటితే తీసుకోరట కదా, ఎముక ముదిరిపోతుందని. ధారకి వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయి. ఈ కాగితాలు తీసుకెళ్లే మంచు ఓడ పరీక్ష మర్నాడు బయల్దేరుతుంది. ఈసారి కాకపోతే ఇంక లేదన్నమాట. కిందటేడు మా పేట నుంచి ఇదే పరీక్షకి వెళ్లిన ఇద్దరు పిల్లలు మెట్ల మీదే ఆగిపోయారు. వాళ్లని కూర్మారావే మంచం మీద దింపుకొచ్చాడు. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ ఆయన మొహం తిప్పేసుకుంటాడు.

"అంత కష్టం దేనికే, నదుల గురించి గింజ సెప్పదేటి?" అని ధారని అడిగాను.

"సెప్తాది. వంశధార ఎంత పొడుగు, ఎన్ని నీళ్లు, అన్నీ సెప్తాది. నా పేరు పెట్టుకున్న నది మామ్మా అది. ఎలగ ఎల్తాదో అంకెలన్నీ నా బుర్రలో ఉన్నాయి. ఒడ్డున నిలబడితే ఎలగుంటాదో లేదు." కాసేపు ఆగి, "నువ్వు సూసేవు కదా, ఎలగుంటాది?" అంది.

మా ఊరి పక్కనుంచే పోయేది. నేను చెప్పగలిగిందల్లా ఎర్రటి వరద నీళ్లు, అవి ఒడ్డు కోసుకుపోతాయని మా అమ్మ కంగారు. అదే చెప్పాను. పిల్ల నోరు తెరుచుకుని విన్నది. "నీళ్లు నేలని కోస్తాయా!" అని రెండుసార్లు అడిగింది. నేను చెప్పింది ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు నా జన్మలో లేరు.

7

ఆరో పేజీ కూడా ఖాళీయే, మోకాళ్ల నొప్పికి లేవలేదు. నెల ఆఖరుకొచ్చింది, ఇవాళ కుండతో మెట్లెక్కి చూసుకుంది. మెట్లు రాట్నం లోపలి గోడవార వంపులు తిరుగుతూ పోతాయి. మీ కొండకున్నంత ఎత్తు ఇక్కడ లేదు, అందుకని పై అరుగుకి చేరాక దిగి, మళ్లీ మొదటినుంచి ఎక్కాలి. అలా లెక్క పూర్తయ్యేదాకా. కుండ చంద్రమట్టి కాల్చి చేసింది, రాయంత బరువుంటుంది.

ధార ముందు, నేను వెనక. నేను గోడ పట్టుకుని, మెట్టుకో దేవుణ్ణి తలుచుకుని ఎక్కుతుంటే, పిల్ల ఎంతో ముందుకి వెళ్లిపోయింది. "నాకు కనపడకపోతే నాను రాయలేను, ఆగే!" అని అరుచుకుంటూ పోయాను.

రెండోసారి ఎక్కుతుండగా చెమట కంట్లోకి దిగింది. అంతే. కుండ గాల్లో పెట్టి కన్ను తుడుచుకుంది. పుట్టిన దగ్గర్నించీ ఉన్న అలవాటు, తనకే తెలియకుండా చేసేసింది. కుండ పగిలి, పెంకు పాదం మీద గీసుకుంది.

ఇది పరీక్ష కాదు, సాధనే. అయినా రాస్తున్నాను. కట్టు తనే కట్టుకుంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. కూర్మారావు గోడలోంచి ఒక్క ఎగతాళీ చెయ్యలేదు. అందుకే నాకు మరీ భయమేసింది.

8

ఎక్కేసింది!

అమ్మా, అయ్యా, ఇవాళ పరీక్షలో ఎక్కేసింది. ఒక్కచోట కూడా కూర్చోలేదు. కొత్త కుండ భుజాన పెట్టుకుని, "కుండ, కుండ" అనుకుంటూ, పాదం కట్టుతోనే లెక్క మొత్తం పూర్తి చేసింది. నేను తన వెనకే ఉన్నాను, పైట అంచు అందేంత దగ్గర. ఆఖరి మెట్టు దాకా ఒక్క క్షణం నా కన్ను దాటి పోలేదు. దేవుడి దయవల్ల ఇవాళ నా మోకాళ్లు కూడా నొప్పి పెట్టలేదు.

కుండ దించాక ఇద్దరం నవ్వుకున్నాం. కూర్మారావు పైనుంచి "సెబాసు! నీడపేట పరువు నిలబెట్టేవు!" అని కేక పెట్టాడు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. సంతోషం అనుకున్నాను. ధార పేజీ చదివి సంతకం పెట్టడం ఒక్కటే మిగిలింది.

9

సంతకం పెట్టలేదు.

చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. "మామ్మా, నీ మోకాళ్లు ఇవాళ నొప్పి లేవా?"

"లేవు. రాసేను కదా."

"నా వెనకే ఎక్కేవా? ఎక్కడా ఆగలేదా?"

"లేదే. మరేటి, దేవుడు..."

ధార కాగితం కింద పెట్టింది. "కాగితం" అని కూడా అంది పెట్టేటప్పుడు. తరవాత గోడకేసి చూసింది.

"కూర్మం మావా. రాట్నం ఎంత తగ్గించేవు?"

 గోడలోంచి మాట కాదు, తలుపు తెరుచుకుని మనిషే దిగొచ్చాడు. ఆయన్ని రాట్నంలో చూడడం అదే మొదలు. గోడ పట్టుకుని, పొట్ట పట్టుకుని వచ్చి మా ముందు నేల మీద కూలబడ్డాడు.

"కొంచెమే తగ్గించేనమ్మా. నీ పాదం సూసేను. కిందటేడు ఆ ఇద్దర్నీ దింపింది నానే. మూడోదాన్ని దింపడం నావల్ల కాదు. ఎవుడికి తెలుస్తాది? మీటరులో అంకె పెద్దబడోళ్లు ఎలాగూ సూడరు. రాసింది పిన్ని, పిన్నికే తెలీలేదు."

"పిన్నికి తెలీలేదు. పిన్ని మోకాళ్లకి తెలిసిపోనాది," అంది ధార.

 ఆ ఒక్క వరస రాయకుండా ఉంటే సరిపోయేది. కొట్టేద్దామా అనుకున్నాను. కలం తీశాను కూడా. "పోనీలేవే తల్లీ," అన్నాను. "ఎక్కేవు కదా. మంచిపిల్లవి. రేపు ఓడ ఎల్లిపోతాది."

"మామ్మా, అక్కడ కొండ రోజూ ఎక్కాలి. మావ వొచ్చి ఆ భూమిని మెల్లగా తిప్పుతాడేటి నాకోసం?"

ఆ మాటకి ఏడుపు ఆపుకుంటున్న కూర్మారావుకే నవ్వొచ్చింది. "అంత రాట్నం నాకెవడిస్తాడే!" అన్నాడు.

"పొద్దున్నే మళ్లీ ఎక్కుతాను. నువ్వు నిండుగా తిప్పాలి. తిప్పి గదిలో కూకోకూడదు. నాతో కూడా ఎక్కాలి."

"నానా! ఎక్కితే నన్నెవడు దింపుతాడు?"

"నాను దింపుతాను," అంది ఆ గుంట. కుంటికాలు పెట్టుకుని!

ఇదంతా మీకు రాయాలా అని అడిగాను. ధార రాయమంది. కూర్మారావు లేచి నిలబడడానికి రెండుసార్లు ప్రయత్నించి, మానేసి, కూర్చునే చెప్పాడు. "రాయి పిన్నీ. నా పేరు కూడా రాయి. పిల్లకి తెలీదని మాత్రం గట్టిగా రాయి." గట్టిగానే రాస్తున్నాను: పిల్లకి తెలియదు.

ఇది చదివి మీరేమంటారోనని నాకు బెంగగా ఉంది. అయినా ఒక మాట చెప్పాలి. నేను ఇన్నేళ్లు బతికి చాలామందిని చూశాను. కష్టం తగ్గిందని గుర్తుపట్టి, ఎందుకు తగ్గిందని నిలదీసిన మనిషిని చూడలేదు.

10

పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు ధార, తరవాత నేను, ఆఖర్న కూర్మారావు. రాట్నం నిండుగా తిరుగుతోందని ఎలా చెప్పగలను అంటే, మొదటి మెట్టుకే నా మోకాళ్లు చెప్పేశాయి. ఇంత నొప్పికి ఎప్పుడూ ఇంత సంతోషపడలేదు.

"పిన్నీ, నీ నొప్పి గట్టిగా ఉన్నాదా?" అని వెనకనుంచి మాటిమాటికీ అడుగుతాడు కూర్మారావు.

"దండిగా ఉన్నాది బాబూ."

"అయితే సరే," అని ఆయాసపడుతూ ఇంకో మెట్టు ఎక్కుతాడు. రెండోసారి పైకి వెళ్లేటప్పుడు సగంలో కూలబడి, "నన్నిక్కడే వొదిలెయ్యండి, ఓడకి ఆలీసం అవుతాది," అన్నాడు. ధార ఆయనకోసం ఆగలేదు. నన్ను మాత్రం వదిలిపోలేదు. నేను నాలుగు మెట్లు వెనకబడితే ఆ నిండు కుండతోనే నిలబడేది. నాకు కనపడకుండా ఎక్కిన మెట్టు లెక్కలోకి రాదు కదా. నా మోకాళ్ల బరువు కూడా ఆ పిల్లే మోసినట్టయింది.

ఆఖరిసారి ఎక్కుతుండగా, మలుపు దగ్గర, మళ్లీ చెమట కంట్లోకి దిగింది. నేను రెండు మెట్లు కింద ఉన్నాను. తన కుడిచేతి వేళ్లు కుండ మీంచి లేవడం చూశాను. ఒకటి, తరవాత ఇంకొకటి. చెయ్యి చాపితే కుండ నాకందుతుంది. నా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, కొంగు పిడికిట్లో బిగించాను.

"కుండ," అంది ధార. "కుండ. కుండ."

వేళ్లు ఒక్కొక్కటే మళ్లీ కుండకి అతుక్కున్నాయి. మెల్లగా మెట్టు మీద కూర్చుంది. కుండని ఒళ్లో పెట్టుకుంది, రెండు చేతులూ దాని చుట్టూ వేసి. మొహాన్ని భుజానికేసి రాసుకుని కన్ను తుడుచుకుంది. చాలాసేపు అలాగే ఉంది. పాదం కట్టు ఎర్రబడింది. నేను లేవమనలేదు, వద్దనలేదు. ఏ మాటన్నా సాయం పట్టినట్టే అవుతుందేమోనని.

తరవాత ఒక మోకాలు ముందుకి తెచ్చి, కుండతో సహా లేచింది.

పై అరుగు మీద కుండ ఆనింది. చప్పుడైంది. అప్పుడు విప్పింది వేళ్లు. నీళ్లు దారిలో కొన్ని తొణికాయి, మూడొంతులున్నాయి. నేను ఇప్పుడే, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను, అక్షరాలకి మన్నించండి.

ఇంకొకటి. ధార మెట్ల అంచున కూర్చుని, కుండ వంచింది. నీడపేటలో నీళ్లు ఒలికితే పెద్ద పెద్ద బొట్లుగా, తీరిగ్గా దిగుతాయి. ఇక్కడ అలా కాదు. ఒక్కసారిగా పరుగెత్తాయి. మొదటి మెట్టు నిండి, రెండోదాని మీదికి దూకి, మలుపు దగ్గర గోడకి కొట్టుకుని, పక్కకి తిరిగి, మళ్లీ దారి చూసుకుని కిందికి పోయాయి. కింద సగంలో కూర్చున్న కూర్మారావు "ఓలమ్మో, తడిసిపోనాను!" అని అరిచాడు.

ఆ పిల్ల గడ్డం మోకాళ్లకి ఆనించి, నీళ్లు మలుపు తిరిగినచోటే చూస్తూ ఉండిపోయింది. మామూలుగా అయితే అన్ని నీళ్లు ఒలకబోసినందుకు నేను ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఇవాళైతే, నాలుగు నిమిషాల్లో మెట్లు ఆరిపోతాయేమోనని మాత్రం బెంగపడ్డాను.

11

ఈ పేజీ మీకు పంపేది కాదు. కాగితాలు మిగిలాయి, అలవాటైపోయింది, రాసుకుంటున్నాను.

పెద్దబడి నుంచి జవాబు వచ్చింది. సీటు ఇచ్చారు. రాట్నం తగ్గించినందుకు కూర్మారావుని ఏడాదిపాటు పరీక్షలు పెట్టవద్దన్నారు. "మంచిదే అయింది, ఈలోగా పొట్ట తగ్గించుకుంటాను," అంటున్నాడు. జవాబు కింద సాక్షికి ఒక ప్రశ్న వేశారు. నా ప్రాణం పోయినంత పనయింది. ఏ తప్పు పట్టారోనని చదవలేక ధార చేతికిచ్చాను. ధార చదివి, నవ్వు ఆపుకోలేక, బల్ల పట్టుకుని నిలబడింది.

"సాక్షి గారి మోకాళ్లు ఇప్పుడెలా ఉన్నాయి?" అని అడిగారట.

జవాబు రాయడానికి కలం తీసి కూర్చున్నాను. బాగున్నాయంటే, రాట్నంలో అన్ని నొప్పులు రాసిందంతా నాటకం అనుకుంటారేమో. బాగులేవంటే, ఆ పిల్లవల్లే అయిందనుకుంటారేమో. అడిగినవాళ్లు చల్లగా ఉండాలి, ఉన్నదున్నట్టే రాస్తాను.

ధార టీ పట్టుకొచ్చింది. మేము రాట్నం దిగి చాలా రోజులయింది, ఇక్కడ ఏదీ గబుక్కున పడదు. నేను మామూలుగా, గాల్లోంచి అందుకోవడానికి చెయ్యి చాపాను. ధార గ్లాసుని గాల్లో పెట్టలేదు. తిన్నగా నా అరచేతిలో పెట్టింది. నన్ను రోగిష్టిదాన్ననుకుందా అని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది.

"గ్లాసు," అంది చిన్నగా, తనలో తనే. నా వేళ్లన్నీ మూసుకునేదాకా తన చెయ్యి తియ్యలేదు.